కారు తీసుకుపో, తమ్ముడూ

తమ్ముడూ,

నిన్నూ పిల్లల్నీ ఆ దేవుడు చల్లగా చూడాలి.

నువ్వు ఫోనులో చెప్పినట్టే కారు ఏసీ ఫిల్టరు దులిపించాం, గ్యాసు నింపించాం. అయినా "చల్లగాలి రావడం లేదే" అని మీ బావగారిది ఒకటే గొణుగుడు. నిన్న మళ్ళీ ఇక్కడి మెకానిక్కుకి చూపించాం. అతను ఏసీ గాలికి చెయ్యి పెట్టి, "మంచులా ఉంది కదా సార్! ఇంకా చల్లగా కావాలంటే ఫ్రిజ్‌లో కూర్చోవాలి" అని నవ్వాడు. నేనూ పెట్టి చూశాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. మీ బావగారు రెండు చేతులూ పెట్టి, "ఏదీ, నాకేం తెలియడం లేదే" అన్నారు.

షుగరుతో ఆయనకి అరికాళ్ళు ఎప్పుడో మొద్దుబారాయి. కాలి చెప్పు జారిపోయినా తెలియక నడుస్తారు. ఇప్పుడు చేతులూ అంతే. తిరిగి వస్తూ, బ్రేకు మీద కాలుందో లేదోనని వంగి చూసుకున్నారు. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతున్నారు. దేవుడే కాపాడాడు.

నేనెంత ఏడ్చినా తాళాలు ఇవ్వరు. "పాడయింది ఏసీ, నేను కాదు" అంటారు.

నీ మాటైతే వింటారు. ఏసీ బాగుచేస్తానని చెప్పి కారు మీ ఊరు, నీ రిపేరు షెడ్డుకి తీసుకుపో. మళ్ళీ తీసుకురాకు. అబద్ధమాడమని ఇంతవరకూ ఎవరినీ అడగలేదు. ఆ పాపం నీకు కాక నాకే రాయమని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

అక్క