జేమ్స్ నది ఒడ్డున మీ బావ

చి.సౌ. చెల్లి జ్ఞానప్రసూనకు అక్క దీవించి రాయునది.

నీ మోకాలు ఎలా ఉంది? మరిదిగారి బీపీ తగ్గిందా? మన శ్రేయాస్ దగ్గు మీ ఫ్రిస్కో ఎండలకైనా వదిలిందా? అల్లం కషాయం మానొద్దని చెప్పు. ఇక్కడ షాంటిలీలో భవిత, అల్లుడు, మనవరాలు అవని కులాసా. నాకే నిద్ర రాదు, అది కొత్తేం కాదుగా.

"బావని ఇంకెన్నాళ్ళు గ్యారేజీలో ఉంచుతావక్కా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. ఏం చెయ్యను? అస్థికల చెంబు ఇంట్లోకి తేకూడదాయె. కొడుకులు లేని మాకు తలకొరివి పెట్టిన నీ కొడుకు శ్రేయాసే కృష్ణలో కలపాలని నా పట్టు. వాడు ఇండియా వెళితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దగ్గర ఆగిపోయి, ఉద్యోగం పోతుందేమోనని మీ భయం. నాకూ భయమే.

మొన్న అవని చదువు కోసం జేమ్స్‌టౌన్ వెళ్ళాం. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు వాళ్ళు ఓడల్లో వచ్చి దిగిన చోటట. అంతకుముందే అక్కడ వేరేవాళ్ళ ఊళ్ళున్నాయట, నేల వాళ్ళదేనట. దిగినవాళ్ళు ఆ ఎండాకాలమే జ్వరాలకూ ఆకలికీ రాలిపోయారట. తరువాత ఒక చలికాలం చెప్పుల తోలు కూడా తిన్నారట తల్లీ! జేమ్స్ నది పక్కనే శిలువలు, పేర్లు లేనివి.

"వీళ్ళకి పిండాలు ఎవరు పెట్టారే?" అన్నాను.

"నో వన్, అమ్మమ్మా. వీళ్ళు పోయారని ఇంట్లో తెలియడానికే మంత్స్ పట్టేది" అంది అవని.

ఆ నది ఎంత వెడల్పనుకున్నావు! అవతలి ఒడ్డు పొగలా ఉంది. ఆ దిక్కులేని వాళ్ళందరికీ ఇన్నేళ్ళూ తనే కాపలా ఉన్నట్టు నిదానంగా పోతోంది. చెప్పులు విడిచి దండం పెట్టాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నా, కోప్పడకు. అందరం వెళితే ఆయన ఒక్కరే అయిపోతారని, ఆ చెంబుని గుడ్డ సంచిలో పెట్టి ఎవరికీ చెప్పకుండా కారెక్కించాను. అవని పులిహోర కోసమని ఆ సంచి విప్పింది.

"అమ్మమ్మా! తాతయ్య కూడా ట్రిప్‌కి వచ్చారా?"

భవిత సంచిలోకి తొంగి చూసింది. "సీటు బెల్టయినా పెట్టావా అమ్మా నాన్నకి?" అని నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. అప్పుడే నా పట్టు సడలింది. కృష్ణ అయినా చివరికి కలిసేది సముద్రంలోనేగా చెల్లీ. ఇంతమందిని చూసుకున్న నది మీ బావని చూసుకోదా?

అక్కడ కలపలేదులే. శ్రేయాస్ చెయ్యి పడాలి. వాడిని వీసా జోలికి పోవద్దను. నదిలో ఎక్కడ కలపనిస్తారో అల్లుడు కనుక్కుంటున్నాడు. ముగ్గురూ రండి. మహాలయ అమావాస్య, శనివారం, అక్టోబరు పదో తేదీ.

ఇట్లు,
అంతవరకూ గ్యారేజీ తలుపు చూసుకుంటూ ఉండే
నీ అక్క సీతారావమ్మ