అద్దం వెనక బుట్టకమ్మలు

ఆదోని
బుధవారం

నాయనా, నీ కాళ్లకు మొక్కి రాస్తున్నాను.

ఫోన్లో చెబితే మధ్యలో "సర్లేమ్మా" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. ఈ నగల కొట్టంటే నాకు రోత పుట్టింది.

పనిమంతురాలినని పిలిచి పని ఇచ్చారని ఎమ్మిగనూరంతా చెప్పుకున్నావు. నేను చేసేది పని కాదు, వేషం. వీధిలోకి కనబడేటట్టు అద్దం వెనక కుంపటి పెట్టి, పట్టుచీర కట్టించి కూర్చోబెట్టారు. నిప్పు దగ్గర పట్టుచీర! పొద్దున్నుంచి గొట్టం ఊది, చిన్న చిన్న గుండ్లు ఒక్కొక్కటీ పట్టకారుతో పెట్టి బుట్టకమ్మలు అతికిస్తాను. జనం ఫోన్లలో వీడియో తీసుకుంటారు. సాయంత్రం షావుకారు ఆ జతను నా చేతనే కరిగింపజేస్తాడు. మర్నాడు మళ్లీ అదే బంగారం, అవే బుట్టలు. నెల రోజుల్లో ఒక్క జత కూడా ఒకరి చెవికి చేరలేదు.

ఎవరికీ రెండు చెవితమ్మెలు ఒక్కతీరుగా ఉండవని నువ్వు దారంతో కొలిచి, ఒక బుట్టను వెంట్రుకవాసి పొట్టిగా చేసేవాడివి. పెట్టుకున్నాక రెండూ సమంగా వేలాడేవి. నేనూ అట్లాగే చేస్తానంటే షావుకారు నవ్వాడు. "జత కుదరలేదని వాపసు తెస్తారమ్మా" అన్నాడు.

అదీ మింగాను. నిన్న అమ్మకానికి పెట్టిన డబ్బాలు తెరిచి చూశాను. అన్నీ మిషన్లో పోత పోసినవే. మూత మీద మాత్రం "గిడ్డయ్య ఆచారి చేతిపని" అని నీ పేరు. ఛీ! నీ పేరు దొంగిలించారు నాయనా. నువ్వొచ్చి అడుగుతావా, నన్నే కేసు పెట్టమంటావా?

నీ కూతురు
అమృత

ఎమ్మిగనూరు
శనివారం

అమ్మా అమృతా,

కేసు వద్దు తల్లీ. పేరు ఎవరూ దొంగిలించలేదు. నేనే సంతకం పెట్టి ఇచ్చినాను.

దగ్గరి చూపు తగ్గినాక మూడేండ్లుగా నా గడప తొక్కినోళ్లు లేరు. నీకు చేతినిండా విద్య ఉంది, చేతికి పని లేదు. షావుకారు వచ్చి డబ్బాల మీద వేసుకుంటానని నా పేరు అడిగినాడు. నా బిడ్డకు పని ఇస్తే రాసుకోప్పా అన్నాను. నీ పనితనం చూసి పిలిచినారని నీకు చెప్పింది అబద్ధం.

పోయిన సోమవారం ఆదోనికి వచ్చినాను. అద్దం బయట జనంలో నిలబడి చూసినాను. నీ చెయ్యి ఆడినంత నిబ్బరంగా నా చెయ్యి ఏనాడూ ఆడలేదు. లోపలికి రావడానికి మొహం చెల్లక తిరిగిపోయినాను. నన్ను తిట్టి రాయి.

మీ నాయన
గిడ్డయ్య

ఆదోని
మంగళవారం

నాయనా,

తిట్టమన్నావు కాబట్టి తిడుతున్నాను. ఈ వయసులో ఈ గడ్డి ఎందుకు తిన్నావు? నా పని చూసి పిలిచారని నెల రోజులు మురిసిపోయానే, నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

ఈ పొద్దున ఆలూరు నుంచి ఫాతిమున్నీసా అని ఒకామె కూతురి పెళ్లి నగలకు వచ్చింది. నేను గొట్టం ఊదుతుంటే చాలాసేపు చూసి, లోపలికి పోయి నీ పేరున్న డబ్బా పట్టుకుంది. ఇవి ఈ అమ్మి చేసినవేనా అని అడిగింది. షావుకారు అవునన్నాడు. నేను లేచి వచ్చాను.

"కాదమ్మా. ఇవి మిషన్లో పోసినవి. మా నాయన చేసినవీ కాదు, నేను చేసినవీ కాదు" అన్నాను.

షావుకారు మొహం మాడిపోయింది. "మీ నాయన సంతకం నాకాడ ఉండాది" అన్నాడు.

"ఉంచుకోప్పా. నేను మాత్రం ఈడ ఉండను."

ఆమె డబ్బా కింద పెట్టి వెళ్లిపోయింది. పోనీ నువ్వు చేసిస్తావా అని నన్ను అడగలేదు. ఎవరూ అడగలేదు. నా చీర కట్టుకుని, ఆ పట్టుచీర వాళ్ల బల్ల మీద పడేసి వచ్చాను.

ఆదివారం పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో దిగుతాను. ఇంటికి రాను. నువ్వే రా. ఆదోని బస్సుకు ఇద్దరికీ టికెట్ నేనే తీసుకుంటాను. ఈసారి జనంలో నిలబడి తిరిగిపోవడం కుదరదు. ఆ కొట్టులోకి వచ్చి, సంతకం నాదే, నగలు మాత్రం నావి కావు అని నీ నోటితో చెప్పాలి. అంతవరకు నీ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను.

గిడ్డయ్య ఆచారి కూతురు
అమృతవల్లి