గండికోట మలుపుల ఫోటోలు

ప్రొద్దుటూరు,
మార్చి, 1997.

రాళ్ళకోన బడిలో పిల్లల చెవులు మెలేసే ఆనందయ్య మామకు స్టూడియో నబీ రసూల్ సలాములు. మా ఇంట్లో అందరం బతికే ఉన్నాం. మీ ఊర్లోనూ బతికే ఉన్నారనుకుని రాస్తున్నా.

మొన్న మీ ఊరి పక్కగా పోయి కూడా పలకరించలేదని కోపం వద్దు. బెంగళూరు నుంచి నలుగురు పిల్లగాళ్ళు వచ్చినారు. పులివెందులలో మొదలుపెట్టి, జమ్మలమడుగు మీదుగా గండికోట లోయ దాకా సైకిళ్ళు తొక్కుతారంట. దారి పొడుగునా నేను ఫోటోలు తీయాలంట. కొండలెక్కే సైకిళ్ళు మామా, టైర్లు చూస్తే ట్రాక్టరుకు తమ్ముళ్ళ మాదిరి ఉన్నాయి. వాళ్ళకు వ్యానుంది, వ్యానుకు డీజిలుంది, డ్రైవరున్నాడు. వ్యాను ఖాళీగా వెనక వస్తుంది, వీళ్ళు ముందు తొక్కి చస్తారు! "ఎందుకప్పా ఈ కష్టం?" అంటే "సంతోషానికి అంకుల్" అన్నారు. మన పక్కకు సంతోషం కోసం వచ్చినోళ్ళను ఇదే చూడటం.

ఎర్రటి బండలు, అడుగున చారెడు పెన్న నీళ్ళు, నీడనేది లేని దారి. మలుపు మలుపుకీ వాళ్ళు సైకిలు వాల్చి తిరుగుతుంటే నేను రోడ్డు మీద బోర్లా పడుకుని తీసినా. మోచేతులు కొట్టుకుపోయినాయి.

ఇట్లు,
దోక్కుపోయిన నబీ రసూల్

తా.క. ముద్దనూరు దగ్గర ఒకడు సైకిలు తొక్కుతూనే నీళ్ళ కోసం చెయ్యెత్తి ఊపినాడు. సైకిలేమో ఒక పార్టీ గుర్తు, చెయ్యేమో ఇంకో పార్టీ గుర్తు. అరుగు మీద కూర్చున్న రెండు పార్టీల వాళ్ళూ లేచిపోయి తలుపులేసుకున్నారు.

ఇంకో తా.క. మీ ఊరి దారిలో ఒక్క మలుపు కూడా వదల్లేదు. జీపు ఎక్కడ నిదానించాలో, మనిషి దాక్కునే బండ ఎక్కడుందో అన్నీ స్పష్టంగా పడినాయి. మీ ఊరి ఫ్యాక్షను పెద్దాయనంటే గిట్టనోళ్ళు ఎవరన్నా ఉంటే పంపించు, సెట్టు అగ్గువకిస్తా.

---

రాళ్ళకోన,
ఏప్రిల్.

ఎవరికీ కీడు తలపెట్టని నబీ రసూల్‌కు (ఇట్లా రాయమన్నారు) ఆనందయ్య ప్రభువు పేర వందనాలు.

ఒరే, నీకెన్నిసార్లు చెప్పాలి? ఈ ఊరికి ఏ ఉత్తరమొచ్చినా పోస్టుమాను ముందు పెద్దాయన అరుగు మీదే పెడతాడు. ఆయన మనిషి వెంకటయ్య పైకి చదువుతాడు. ఆ తర్వాతే ఎవరిది వాళ్ళకు. నీ మొదటి తా.క.కు అరుగంతా నవ్వింది. రెండోదానికి ఎవరూ నవ్వలేదు.

"ఎవుడీ రసూలు? మలుపులు తీయమని ఎవురు పంపిచ్చినారు?" అన్నాడు పెద్దాయన.

"బెంగళూరు పిల్లోళ్ళు సామీ, సంతోషానికి తొక్కుతారంట" అన్నాను.

"గండికోట ఎండలో సంతోషమా? నా చెవిలో పూలు పెడతాండావా అయివారూ?"

ఆ మాటతో నన్ను వాళ్ళింట్లోనే ఉంచుకున్నారు. బందీని కాదు, అతిథిని. బయట గడియ పెట్టేది దోమలు రాకుండా. మా ఇంటామె విజయమ్మ పొద్దునా సాయంత్రం క్యారేజీ తెచ్చి, ఏడ్చి పోతోంది. ఉన్న ఫోటోలన్నీ, రీళ్ళతో సహా పంపు. అవి వస్తే నన్ను ఇంటికి పంపుతారంట.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. ఈ ఉత్తరం కూడా చదివే పోస్టులో వేస్తారు. పెద్దాయన శానా మంచోడు.

ఇంకో తా.క. వెంకటయ్య అడగమంటున్నాడు: ఆ పిల్లగాళ్ళు నెత్తిన పెట్టుకున్న టోపీలు నాటుబాంబుకు ఆగుతాయా?

---

ప్రొద్దుటూరు,
ఏప్రిల్.

ఈ ఉత్తరం పైకి చదివే వెంకటయ్యప్పకు, అరుగు మీద వినే పెద్దాయనకు, ఆఖర్న ఆనందయ్య మామకు సలాములు.

సామీ, నేను నోటిదూల మనిషిని. మా ఇంటామె గుల్జార్‌బీ నా మాట నమ్మడం మానేసి శానా ఏండ్లయింది. మీరెట్లా నమ్మినారు? ఫోటోలు, రీళ్ళు అన్నీ మూటకట్టి జమ్మలమడుగు బస్సు కండక్టరు చేతికిచ్చినా. బెంగళూరు పిల్లగాళ్ళకు రీళ్ళలో వెలుగు పడి పాడైనాయని చెప్పినా. ఒకడు ఏడ్చినాడు కూడా. మా అయివారిని ఇంటికి పంపించండి.

టోపీ సంగతి: కొబ్బరికాయకు తొడిగి బండకేసి కొట్టి చూసినా. టోపీ నిలబడింది, కాయ పగిలింది.

ఇట్లు,
మీ నబీ రసూల్

తా.క. మూట కట్టేటప్పుడు ఫోటోలు జారిపడి కలిసిపోయినాయి. ఏ మలుపు తర్వాత ఏ మలుపో నాకు తెలీదు. మా మామకు తెలుసు. బస్సు చార్జీ మిగులుతుందని ఆ దారంతా నడిచే పిసినారి ఆయన!

---

రాళ్ళకోన.

రసూల్,

ఈ ఉత్తరం విజయమ్మ క్యారేజీ అడుగు గిన్నెలో బయటికొస్తోంది. అరుగు మీదికి పోదు, అందుకే నిజం రాస్తున్నా.

నీ తా.క. నా కొంప ముంచింది. నన్ను పంపబోతున్నవాళ్ళు ఆగిపోయినారు. పెద్దాయన ఫోటోలన్నీ గోడకు వరసగా అంటించమన్నాడు. వరస చెప్పేది నేనే కాబట్టి నన్ను వదలరు. రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మా ఊరి మలుపు నుంచి మొదలుపెడతాడు. "ఈ మలుపు దాటితే ఏమొస్తాది అయివారూ? ఆడ రేగిచెట్టు ఉండెనే, కొట్టేసినారా?" అంటాడు. ఆయన అరుగు దాటి ఏండ్లు గడిచినాయి. లోయ ఇంటికి కూతవేటు దూరం, అయినా చూడలేదు. గోడ మీద వేలుపెట్టి పులివెందుల దాకా పోయి, మళ్ళీ వెనక్కి వస్తాడు. చూసి నాకే ఏడుపొచ్చింది.

నిన్న ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది. మలుపులో ఒక ముసలాయన కుండ పట్టుకుని నీ సైకిలు పిల్లోళ్ళకు నీళ్ళు పోస్తున్నాడు. వెంకటయ్య గుర్తుపట్టినాడు. అది అవతలి వర్గం ఓబుళప్ప! కక్షలో ఆ ఇంట్లో ఒకరు, ఈ ఇంట్లో ఒకరు పోయినాక, పెద్దాయన అరుగు దాటనిది ఈ ఓబుళప్పకు భయపడే.

"పక్కన మనుషుల్లేరు. చేతిలో కట్టె కూడా లేదు. ఇది యా మలుపు అయివారూ?" అన్నాడు వెంకటయ్య.

నువ్వు వేళాకోళానికి రాసింది నిజమైపోయింది రసూల్. ఏదో ఒకటి చెయ్యి.

ఆనందయ్య

తా.క. ఇది చదివి చింపెయ్యి. నవ్వుతూ ఎవరికీ చూపించొద్దు.

---

ప్రొద్దుటూరు,
మే.

పెద్దాయన సముఖానికి నబీ రసూల్ చేతులు కట్టుకుని రాయునది.

సామీ, మూటతో పాటు ఒక సంగతి రాయడం మర్చిపోయినా. ఒక ఫోటోలో కుండతో నీళ్ళు పోసే ముసలాయన మా పెదనాన్న కమాల్ బాషా. నీళ్ళు పోసే మనిషి ఫోటోకు బాగుంటాడని వీరపునాయునిపల్లె నుంచి వ్యానులో తెచ్చి నిలబెట్టినా. పంచె నాది, కుండ అద్దెది. ఖురాన్ మీద ప్రమాణం చేస్తా. ఆ మలుపులో మామూలుగా ఎవరూ ఉండరు.

ఇట్లు,
నబీ రసూల్

ఈసారి తా.క. లేదు.

---

రాళ్ళకోన,
మే.

రసూల్‌కు ఆనందయ్య వందనాలు. ఇది కూడా క్యారేజీ అడుగు గిన్నెలోనే వస్తోంది.

నీ ఉత్తరం వెంకటయ్య చదువుతుంటే అరుగంతా కడుపు పట్టుకుని నవ్వింది. అద్దె కుండ దగ్గర మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. ఒక్కడూ నమ్మలేదు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "జీపు తీయండి, నేను పోతా" అన్నాడు. దారి చూపడానికి నన్ను ముందు కూర్చోబెట్టినారు. వెనక వెంకటయ్య, వాని కాళ్ళ దగ్గర సంచి. సంచిలో ఏముందో నీకు చెప్పక్కర్లేదు. ఉన్న కీర్తనలన్నీ లోపలే పాడుకున్నాను.

మలుపులో ఓబుళప్ప ఉన్నాడు, కుండతో. పెద్దాయన ఒక్కడే దిగి ఎదురుగా నిలబడినాడు. ముసలాయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసినాడు.

"ఎండన పడి వచ్చినట్టుండావే. దోసిలి పట్టప్పా. యా ఊరు మీది?"

పెద్దాయన దోసిలి పట్టినాడు. నీళ్ళు తాగినాడు. "పులివెందుల" అన్నాడు.

"దూరమే. నిదానంగా పోండి, ఈడ మలుపులెక్కువ" అన్నాడు ఓబుళప్ప.

జీపెక్కినాడు. వెంకటయ్య సంచి మీద చెయ్యేస్తే "వద్దు" అన్నాడు. అంతే. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రెండో రోజు నన్ను పిలిచి, "నన్ను గుర్తు పట్టలేదు అయివారూ. వానికి భయపడి నేను ఇంట్లో కూర్చుంటి. వాడు నన్ను మర్చిపోయి నీళ్ళు పోస్తాండాడు" అన్నాడు. గోడ మీద ఫోటోలన్నీ పీకించినాడు.

ఇంక నన్ను పంపుతాడనుకున్నా.

ఇట్లు,
ఆనందయ్య

తా.క. పంపలేదు. నువ్వు కెమెరాతో రావాలంట. ఆయన ఫోటో తీయాలంట. తీసి, ఫ్రేము కట్టించి, నువ్వే తీసుకుపోయి ఓబుళప్ప చేతికిచ్చి, "నువ్వు భయపడాల్సింది ఈయప్పకు" అని చెప్పి రావాలంట. అంతదాకా నేను ఇక్కడే.

ఇంకో తా.క. నవ్వు మొహం వద్దంట, చూస్తే గుండె జారేట్టు రావాలంట. పొద్దున్నుంచి అద్దం ముందర కూర్చుని, "ఈ మొగం చూస్తే భయమైతాదా అయివారూ?" అని నన్నే అడుగుతున్నాడు. అవుతుందంటే కొట్టేట్టున్నాడు, కాదంటే ఏడ్చేట్టున్నాడు. తొందరగా రా.