చూడ్డానికి వెళ్లొద్దట

మే 29
కంచరపాలెం మలుపు. ఆగిన ఆటో వెనకనుంచి ఒకావిడ రోడ్డు మీదికొచ్చింది. బ్రేకు వేసేసరికే బండి తగిలింది... నెత్తిమీది తట్ట ఎగిరి ఎండు నెత్తళ్లన్నీ బానెట్ మీద. కుడికాలు విరిగింది. పేరు నూకాలమ్మ. నా కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దారంతా ఒకటే గోల — "నా సేపలు ఎవులెత్తుకెల్లిపోతారో." కాలు సంగతే లేదు.

హారన్ కొట్టానా? గుర్తు రావడం లేదు.

మే 30
ఆవిడ అల్లుడు కేసు పెట్టాడు. స్టేషన్ నుంచి ఫోను. ఈ వయసులో, ఈ భయం!

పోయినేడు కారు ఇన్సూరెన్సుతో పాటు లాయరు సాయం కూడా అంటగట్టినవాడు మా బావమరిది సత్యం. ఇవాళ వాడి ఆనందం చూడాలి. "సూసావా బావా, నాను సెప్తే నవ్వినావు." నవ్వాను. నిజమే.

జూన్ 1
ఇన్సూరెన్సు వాళ్ల లాయరు స్టేషన్‌కి వచ్చాడు. నెమ్మదైన మనిషి. కాగితాలన్నీ తనే చూసుకున్నాడు, నేను బెంచీ మీద కూర్చుని టీ తాగాను. ప్రాణం కుదుటపడింది. బయటికొచ్చాక అన్నాడు — "ఆవిణ్ని చూడ్డానికి మాత్రం వెళ్లకండి సార్. తప్పు ఒప్పుకున్నట్టవుతుంది."

జూన్ 4
మా ఆవిడ సుజాతది రోజూ అదే మాట. "మన బండే గదా తగిలింది. పండైనా పట్టుకుని ఎల్లొద్దేటి?" తమ్ముడు సత్యమేమో — "లాయరు మాట ఇననోడివి లాయర్నెందుకు కొన్నావు బావా?" అక్కాతమ్ముళ్లు బాగానే ఉన్నారు. నాకే అన్నం సయించడం లేదు.

జూన్ 9
బానెట్ మళ్లీ కడిగించాను. వాసన పోలేదు.

జూన్ 13
సత్యం రెన్యువల్ కాగితం తెచ్చాడు. ఈసారీ లాయరు సాయం ఉంచాలా? స్టేషన్‌లో ఆ లాయరు లేకపోతే నా గతేమయ్యేదో. కాదనను. కానీ మంచాన పడ్డ మనిషిని పలకరించకుండా ఇన్నాళ్లు ఎప్పుడున్నాను? సంతకం పెట్టలేదు.

జూన్ 17
వెళ్లాం. సుజాత, నేను, బత్తాయిలు.

జాలారిపేటలో అడగ్గానే ఇల్లు చూపించారు. అల్లుడు ముఖం తిప్పుకునే కుర్చీ వేశాడు. నూకాలమ్మ కట్టుకాలు చాపుకుని గుమ్మంలో కూర్చుంది. "కేసు ఆడెట్టినాడు, అది ఆడి గొడవ. నువ్వొత్తావని సూత్తన్నాను బాబూ. ఇన్నాల్లేటి?"

లాయరు వద్దన్నాడని ఎలా చెప్పను? సిగ్గేసింది. "తప్పయిపోయిందమ్మా" అన్నాను... ఏ మాట అనకూడదో అదే. ఆలస్యంగా వచ్చినందుకో, కాలికో, నాకే తెలీదు.

నిషేధం ముగిసి వేట మళ్లీ మొదలైంది కదా — వచ్చేటప్పుడు సంచిలో వంజరం చేప పెట్టింది. వద్దంటే తిట్టింది.

జూన్ 18
పొయ్యి మీద పులుసు. సత్యం భోజనానికి వస్తున్నాడు, సంతకానికి కూడా.

ఇందాక లాయరు ఫోను. "వాయిదా దగ్గరపడింది సార్. మీరు ఆవిణ్ని కలవలేదు కదా?"

సుజాత గరిటె పట్టుకుని నావైపే చూస్తోంది. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

చెయ్యాలి... ముందు భోంచేసి.