గోల్ఫ్ ప్రయాణానికి వేసిన చీట్లు

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం. ఫోనులో నీ గొంతు వింటే నిజం నోట్లోనే ఉండిపోతుంది. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

నేను తువ్వాళ్ళు ఉతికే గోల్ఫ్ క్లబ్బును గడ్డి మార్చడానికి వారం రోజులు మూస్తున్నారు. సాయంత్రాలు అక్కడే నేనూ ఆట నేర్చుకున్నానని నీకు తెలుసుగా. ఈ సెలవులో ఒక్కదాన్నే పరాయి దేశం వెళ్ళి నాలుగు రోజులు ఆడి రావాలని మొన్న ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది.

"గుంతలో బంతి వేయడానికి సముద్రం దాటాలా? పెరట్లో తవ్విస్తాను, వేసుకో" అన్నారు మీ మరిది. చివరికి, మన ఇంట్లో ఎప్పుడూ చేసినట్టే, దేవుడి ముందు చీట్లు వేద్దామన్నారు. నేను రాసి మడిచాను, ఆయన తీశారు. "వెళ్ళు" అని వచ్చింది. "దేవుడే పొమ్మన్నాక నేనెవర్ని" అంటూ టికెట్టు కూడా ఆయనే తీసుకొచ్చారు.

రెండో చీటీ ఆయన విప్పకముందే కొంగున ముడేసుకున్నాను. దాని మీదా "వెళ్ళు" అనే రాశాను అక్కా.

బుధవారం ప్రయాణం. నీ చక్రాల పెట్టె పంపు, తాళంచెవి మరిచిపోకు. అమ్మ మోకాళ్ళకు నూనె రాస్తున్నావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

దేవుడి ముందు నిలబడడానికి నాకు మొహం చెల్లడం లేదు. తిరిగొచ్చేదాకా నా దండం కూడా నువ్వే పెట్టు. వచ్చాక ఆయనకు నేనే చెబుతాను. అంతదాకా ఈ ఉత్తరం నీ దగ్గరే దాచు, అమ్మకైనా చూపించకు.

నీ చెల్లెలు