అరుస్తున్న నన్ను దాటి వెళ్ళిన నర్సు

చెల్లెలు స్తానోయ్కాకు, మీ ఆయన మిలాదిన్ బతికే ఉన్నాడు. ఆ మాట మళ్ళీ చదువుకుని, మిగతాది కూర్చుని చదువు.

మంగళవారం దుంగల బండి బోల్తా పడితే మా ఇద్దరినీ ఆసుపత్రికి తెచ్చారు. నా కాలు విరిగింది. నేను పైకప్పు ఎగిరిపోయేలా అరిచాను. మిలాదిన్ మాత్రం "నాకేం లేదు, ముందు మా బావను చూడండి" అని గొణిగాడు. నర్సు దెసాంకా నన్ను దాటి అతని దగ్గరికే వెళ్ళింది.

"ఏమ్మా, కళ్ళు కనపడవా? విరిగింది నాకు!"

"ఇంత తిడుతున్నావంటే నీకు ఊపిరి బాగానే ఆడుతోంది. ఈయన చల్లబడిపోతున్నాడు. లోపల రక్తం పోతోంది."

అతను వణుకుతున్నాడని, మనవాళ్ళు ఎవరు పడిపోయినా చేసేదే కదా అని, జేబులోని ఆల్‌బకరా సారా అందించబోయాను. ఆమె సీసా లాక్కుంది. "పొట్ట కోయాల్సిన మనిషికి చుక్క నీళ్ళు కూడా పోయకూడదు. చంపుతావా?"

పొట్ట కోసి రక్తం ఆపారు. కళ్ళు మాత్రం ఇంకా తెరవలేదు.

పంది ఈనిందా? దాన్ని పక్కింటివాళ్ళకు అప్పగించి రేపటి బస్సుకు బయలుదేరు. ఉన్ని మేజోళ్ళు తే, సారా వద్దు. అమ్మకు నా కాలు సంగతి చెప్పకు. మిలాదిన్‌ను పేరు పెట్టి పిలుస్తూ ఉండమంది దెసాంకా. ఎంత పిలిచినా నాకు పలకడం లేదు. నువ్వు వచ్చి పిలువు. నీ గొంతు అతనికి వినిపించేలా దేవుడు చూడాలి.

నీ అన్న, రాదోయే