కుట్లు లేని మోకాలు

పెనుకొండ,
18 జులై 2005.

మస్కట్‌లో ఉన్న బాలాజీ గారికి,

మీ ఉత్తరం బుధవారం చేరింది. ఇక్కడ అత్త, అరుణ, నేను ముగ్గురం క్షేమం. మీ క్షేమం కోరుతున్నానని కూడా రాయాలి, రాయకపోతే ఉత్తరం మొదలుపెట్టినట్టుండదు కనుక రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే రెండుసార్లూ అరిచి పెట్టేశారు. ఉత్తరం మీద అరిచినా అది మాట్లాడుతూనే ఉంటుంది. చింపాలనిపిస్తే చింపండి గానీ చదివిన తర్వాత చింపండి.

మీరడిగిన వాటికి ముందు జవాబులు. మీ కూతురు అరుణ తొమ్మిదో తరగతిలో చేరింది. లెక్కల్లో బాగానే ఉంది. మీరు పంపిన గడియారం మాత్రం కట్టుకోవడం లేదు, ఎందుకని నేను అడగలేదు. వంటింటి పైన పగిలిన రేకులు రెండూ మార్పించాను. అత్త బీపీ మాత్రలు వేళకు వేసుకుంటోంది. మోకాళ్ళ సంగతి మీరు అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను, ఎడమది వంగడం పూర్తిగా మానేసింది. కుడిది రోజూ సాయంత్రానికి వాచిపోతుంది. ఆవనూనె కాచి రాస్తే ఓ గంటసేపు ఊరట, అంతే.

ఇక మీ చివరి ప్రశ్న. మీ యజమాని తల్లి జమీలా మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకోకుండా బెంగళూరు నుంచి వెనక్కి ఎందుకు పోయింది, ఎవరు నోరు జారారు అని. ప్రశ్న అడిగి, తీర్పు కూడా మీరే రాసేశారు. ‘ముసలామెకు నోరు మూసుకుని కూర్చోవడం కూడా చేతకాలేదు’ అని మీ చేతిరాతలోనే ఉంది. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతోంది. అత్తకు మాత్రం చదివి వినిపించలేదు. ‘అమ్మను అడిగినట్టు చెప్పు’ అని రాశారని చెప్పాను. ఆమె నమ్మింది.

మీరు జమీలాకు ఏం చెప్పారో మీరు నాకు చెప్పలేదు, ఆమే చెప్పింది. పెద్ద కొడుకు బ్యాంకాక్ తీసుకుపోతానని అక్కడి ఆసుపత్రి పుస్తకం రంగురంగుల బొమ్మలతో తెప్పించాడట. చిన్నవాడు జర్మనీ అన్నాడట. వాటన్నిటినీ ముందేసుకుని నెల రోజులు కూర్చున్నా ఏదీ తేలలేదట. ఒకరోజు మీరు నడిపే కారులో పోతూ మిమ్మల్ని అడిగిందట, మీ దేశంలో ఈ వైద్యం ఎలా ఉంటుందని. మీరు కారైనా ఆపకుండా, మా అమ్మకు రెండు మోకాళ్ళూ బెంగళూరులోనే మార్పించాను, ఇప్పుడు మా ఊరి కొండ ఎక్కి దిగుతోంది అనేశారట. నీలం చీరలో నిలబడ్డ అత్త ఫోటో కూడా చూపించారట. అది ఆరేళ్ళ కిందటి ఫోటో. అప్పటికి ఆమె నిలబడగలిగేది.

మీ మాట నమ్మి జమీలా మంచాన పడితే మీకేమవుతుందో ఒక్కసారైనా అనుకున్నారా? ఆమెకు షుగరు ఉంది. రెండేళ్ళ కిందట గుండెనొప్పి కూడా వచ్చింది. గుండె సంగతి తేలేదాకా మోకాళ్ళ జోలికి పోవద్దని మస్కట్ డాక్టరు చెప్పాడట. బయటి దేశాల రోగుల్ని ఆసుపత్రులకు చేర్చి కమీషన్ తీసుకుని, అందులో మీకూ వాటా ఇచ్చే మీ స్నేహితుడు రవికుమార్ మాత్రం రెండు మోకాళ్ళూ ఒకేసారి, పది రోజుల్లో మళ్ళీ విమానం ఎక్కిస్తామన్నాడు. ఎవరిది నిజమో ఆమెకు తెలియలేదు. అందుకే ఆసుపత్రిలో చేరే ముందు, ఆపరేషన్ అయిన డ్రైవర్ తల్లిని కళ్ళారా చూస్తాను, ఆమె నడిస్తేనే నేనూ చేయించుకుంటాను అని కారును పెనుకొండకు తిప్పించింది.

ముందురోజు మీరు ఫోన్లో నాకేం చెప్పారో గుర్తుందా? నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

“అమ్మను లోపల్నే ఉండమను. ధర్మవరం నుంచి చిన్నమ్మను పిలిపించు, పోలిక ఒగటే కదా. దీంట్లో వచ్చే దుడ్లతోనే అమ్మకూ చేపిస్తా.”

చివరి మాట కోసం నేను ఒప్పుకున్నాను. అత్తకు ఎలా చెప్పాలో తెలియక వంకరటింకరగా చెప్పాను. ఆమె చాప అంచు సరిచేస్తూ అంతా వింది. తర్వాత అంది, “ఫోటోలో నీలం చీర కట్టుకోనుండాను కదా. పెట్టెలో ఉండాది, దానికి కట్టు.” తన చెల్లెలికి తన చీర తనే తీయించి ఇచ్చింది. ఆ మనిషిని పట్టుకుని నోరు మూసుకోవడం చేతకాలేదని రాశారు మీరు.

చిన్నమ్మ కుళ్ళాయమ్మ పొద్దున్నే ప్యాసింజర్ బండిలో వచ్చింది. ఆమె భయమంతా మగ్గం మీద సగంలో ఆపి వచ్చిన చీర గురించే. పదకొండు గంటలకు కారు వచ్చింది. జమీలా దిగడానికే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. మీరు ఆమె కారు నడుపుతారు గనుక రోజూ చూసే ఉంటారు, నేను మొదటిసారి చూశాను. హిందీ బాగానే మాట్లాడుతుంది. హిందూపురంలో మా పుట్టింటి వీధిలో నేర్చుకున్న ఉర్దూ నాకు ఆరోజు బాగా పనికొచ్చింది.

కుళ్ళాయమ్మ ఇంట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మిద్దె మెట్లు ఎక్కి దిగింది. నేల మీద కూర్చుని లేచింది. జమీలా చూస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది. తర్వాత వెంట వచ్చిన రవికుమార్‌ను, కారు నడిపినతన్ని బయటికి పంపించి, కుట్లు చూపించమంది. ఇది మీరూ నేనూ ఎవరమూ అనుకోలేదు. కుళ్ళాయమ్మ నావైపు చూసి, ఏం చేయాలో తెలియక చీర పైకి జరిపింది. రెండు మోకాళ్ళ మీదా ఒక్క గీత కూడా లేదు.

ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు రాస్తున్నాను. తడుముకోకుండా నేనే చెప్పాను, ఇప్పుడు కొత్త మిషన్లు వచ్చాయి, వెలుతురుతో చేస్తారు, కుట్లు పడవు అని. మీరు అబద్ధం చెప్పినప్పుడు ఆమె వెనక సీట్లో ఉంది. నేను ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పాను. అంత చప్పున తట్టినందుకు నామీద నాకు ముచ్చట కూడా వేసింది. ఆమె కుళ్ళాయమ్మ మోకాలిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈరోజే ఆసుపత్రిలో చేరిపోతానని నాతో అంది.

అప్పుడు అత్త లోపలి గదిలోంచి వచ్చింది. పొద్దుటి నుంచి లోపలే ఉంది, పెరట్లోకి పోవాలంటే ఈ గదిలోంచే పోవాలి. ఎంతసేపు ఓర్చుకుందో పాపం. ఒక కాలు ఈడ్చుకుంటూ, మా ఎవరి ముఖమూ చూడకుండా పోతోంది. జమీలా ఆపి, ఎవరీమె అని నన్ను అడిగింది.

అత్తకు భాష అర్థం కాకపోయినా ప్రశ్న అర్థమైంది. “పక్కింటిదాన్నని చెప్పు, కమలా” అంది.

చెప్పాను. జమీలా జాలిపడింది. ఈమె వెళ్ళిన చోటికే నువ్వూ వెళ్ళొచ్చు కదా అక్కా, ఎందుకీ బాధ అంది. నేను తెలుగులో చెప్పాను. అత్త నీలం చీరలో ఉన్న చెల్లెలిని ఒకసారి చూసింది.

“ఆయమ్మకుండే మాదిరి కొడుకు నాకు లేడని చెప్పు” అంది.

ఆ మాట నేను ఉర్దూలోకి మార్చలేకపోయాను. కుళ్ళాయమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని ఏడ్చేసింది. జమీలా మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు చెప్పేశాను. ఈమే బాలాజీ తల్లి, ఈ మోకాళ్ళను ఇప్పటిదాకా ఏ డాక్టరూ చూడలేదు, వెలుతురు మిషన్ మాట నేను కల్పించాను అని. నోరు జారింది నేను. కావాలనే జారాను.

ఆమె నన్ను తిట్టలేదు. అత్తను తన పక్కన కూర్చోబెట్టమంది. మోకాలి మీద చెయ్యి పెట్టి, మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా దిగేటప్పుడా అని వేళ్ళతో చూపించి అడిగింది. దిగేటప్పుడు అని అత్తా వేళ్ళతోనే చెప్పింది. పోతూ పోతూ జమీలా నాతో ఒకటే అంది, పుస్తకాలన్నీ పక్కన పెట్టి నేను నమ్మింది మీ ఆయన మాట ఒక్కటే అని. ముందు గుండె చూపించుకుంటానని మర్నాడే విమానం ఎక్కింది. రవికుమార్ నన్ను ఏమేం తిట్టాడో మీకు ఈపాటికి చెప్పే ఉంటాడు. చిన్నమ్మ మీ ఫోను ఎత్తకపోవడానికి కారణం కూడా ఇదే.

అత్త నాతో మూడు రోజులు మాట్లాడలేదు. కోపం మీ మీద కాదు, నా మీద. “వాని పని పోతే ఆడ ఏం తింటాడు? నిన్నెవురు చెప్పమన్నారు?” అంది నాలుగో రోజు. ఆమె అలా అన్నందుకు మీరంటే నాకు ఇంకా అసహ్యం వేసింది. వచ్చే సోమవారం ఆమెను బెంగళూరు సర్కారు ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. వరుస రావడానికి నెలలు పడతాయంటున్నారు, పడనివ్వండి. అక్కడికి పోయి వచ్చిన ఇద్దరి ఇళ్ళకు వెళ్ళి, కుట్లు చూసి వచ్చాను.

మీ పని పోయిందో ఉందో మీరు రాయలేదు. పోతే రండి, ఇల్లు మీది కూడా. కానీ మీరు వచ్చిన రోజు తలుపు నేను తీయను, అరుణనూ తీయనివ్వను. మీ అమ్మే తీస్తుంది. ఆమె మంచం దిగి గడప దాకా వచ్చేసరికి ఎంతసేపవుతుందో బయట నిలబడి చూడండి. మధ్యలో అమ్మా అని మాత్రం పిలవకండి. మీ గొంతు వింటే తొందరపడుతుంది, పడిపోతుంది.

ఇట్లు,
అంజనమ్మ గారి కోడలు,
కమలాక్షి.